ప్యాక్‌మ్యాన్ మా వాడికి పది నిమిషాల్లో బోర్ కొట్టింది, తప్పెవరిది?

పాతబిళ్ల
రెండు నెలలు తంటాలు పడి సెకండ్ హ్యాండ్‌లో ఒక ఆర్కేడ్ క్యాబినెట్, అదే బిళ్ల వేసి ఆడే వీడియో గేమ్ మెషీన్, కొన్నాను. పాత గాజు ట్యూబు స్క్రీనే ఉంది. లోపల బోర్డు మాత్రం ఒరిజినల్ కాదు, పాత గేములు బోలెడు ఒకేదాంట్లో కూరిన రకం. పన్నెండేళ్ల మా వాణ్ణి పిలిచి గర్వంగా ప్యాక్‌మ్యాన్, అదే దయ్యాలకి దొరక్కుండా మేజ్‌లో చుక్కలు తినే ఆట, పెట్టి చూపించాను. పది నిమిషాలు ఆడి "నాన్నా, ఇంతేనా? దీనికి కథ లేదా?" అని ఫోన్ పట్టుకుని లోపలికి పోయాడు.

సరే వాడికి తెలీదులే అని నేను ఆడాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది కానీ నాకూ ఆ మజా రాలేదు. ప్యాక్‌మ్యాన్ తిరగమన్న మూల దగ్గర తిరగడు, ప్రతిసారీ మూడో లెవెల్ లోపే చచ్చిపోతున్నాను. చిన్నప్పుడు ఒక్క బిళ్ల వేసి ఎంతసేపు నిలబడేవాణ్ణో నాకు బాగా గుర్తు. అడిగేది ఒకటే. ఆ గేములు నిజంగా అంత బాగుండేవా, లేకపోతే మన వయసు బాగుండేదా?

కాయిన్‌లెస్
వయసే బాసూ, అనుమానం ఎందుకు. ఒక మేజ్, నాలుగు దయ్యాలు, 244 చుక్కలు. అన్నీ తింటే మళ్లీ అదే మేజ్. అప్పట్లో మనకి వేరే దిక్కు లేదు కాబట్టి స్వర్గంలా కనిపించింది. మీ వాడిది కరెక్ట్ రివ్యూ.

మొదటిలెవెల్‌రాజా
నాకు ఇప్పటికీ వేరే దిక్కు లేదు

నీలిదయ్యం
"నాలుగు దయ్యాలు" అని అంత తేలిగ్గా తీసిపారేశారే. నాలుగూ ఒకేలా వస్తాయని ఎవరు చెప్పారు మీకు? ఎర్రది, బ్లింకీ, నేరుగా మీరున్న గడికే వస్తుంది. గులాబీది పింకీ మీరు చూస్తున్న దిక్కులో నాలుగు గళ్లు ముందుకి గురి పెడుతుంది, అంటే వెంటపడదు, దారి కాస్తుంది. ఇంకీ లెక్కలో తిరకాసు ఉంది: మీకు రెండు గళ్ల ముందున్న చోటికి బ్లింకీ దగ్గర్నుంచి ఒక గీత గీసి, దాన్ని ఇంకా అంతే దూరం పొడిగిస్తే ఎక్కడ తేలుతుందో అదీ దాని గమ్యం. అందుకే అది ఎటు పోతుందో అర్థమయ్యి చావదు. నారింజ రంగు క్లైడ్ దూరం నుంచి ఆవేశంగా వచ్చి, ఎనిమిది గళ్ల లోపలికి రాగానే మనసు మార్చుకుని కింద ఎడమ మూలకి వెళ్లిపోతాడు. పిరికివాడు.

ఇంకో సంగతి, ఇవి ఎప్పుడూ వెంటపడవు కూడా. మొదటి లెవెల్ మొదట్లో 7 సెకన్లు తమ తమ మూలలకి పోతాయి, 20 సెకన్లు వేటాడతాయి, మళ్లీ మూలలకి. అన్నీ ఒక్కసారిగా వెనక్కి తిరగడం మీరూ చూసే ఉంటారు, అదే. ఆడేవాడికి మధ్యమధ్యలో ఊపిరి అందాలని గేమ్ తయారుచేసిన ఇవాతానీ కావాలనే పెట్టింది. 1980లో, ఆ చిప్పుల మీద! కథ లేదట.

కాయిన్‌లెస్
ఒప్పుకుంటా, తెలివైన పనే. కానీ ఇవన్నీ అప్పుడు మీకు తెలుసా? ఇప్పుడు చదివి తెలుసుకుని ముచ్చటపడుతున్నారు, అంతే కదా.

నీలిదయ్యం
లెక్కలు తెలీవు, పేర్లు కూడా తెలీవు. కానీ గులాబీది ఎదురొస్తుందని చేతికి తెలుసు. మా అక్క దాన్ని "దొంగమొహంది" అనేది, దాని వైపు తిరిగితే అదే పక్కకి పోతుందని కూడా అక్కే కనిపెట్టింది. గురి నాలుగు గళ్లు ముందు కాబట్టి, ఎదురెదురుగా వెళ్తే ఆ గురి దాని వెనక్కి పడి పక్క సందులోకి తిరిగిపోతుందని నాకు అర్థమవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అక్కకి మూడు రోజులు పట్టింది.

మొదటిలెవెల్‌రాజా
అక్కకి దండం

ఎఎఎ
దయ్యాల గురించి ఇంకొకటి. శక్తి చుక్క తిన్నాక నీలంగా మారి అడ్డదిడ్డంగా తిరుగుతాయి చూశారా, అది కూడా పూర్తిగా అడ్డదిడ్డం కాదు. ఆ అంకెల వరస ప్రతి లెవెల్‌కీ, ప్రతి లైఫ్‌కీ మొదటినుంచి మొదలవుతుంది. అందుకే మీరు కదిలినట్టే మళ్లీ కదిలితే అవీ అలాగే కదులుతాయి. నా దగ్గర ఒక రూళ్ల నోట్‌బుక్కు ఉండేది, ఏ లెవెల్‌కి ఏ దారి అని బాణాలు గీసుకున్నది. ఇది ఆట కాదు, పద్యం కంఠతా పట్టడం అని మావాళ్లు ఏడిపించేవాళ్లు.

అలా కంఠతా పట్టినవాళ్లు ఎక్కడిదాకా పోతారంటే 256వ లెవెల్ దాకా. లెవెల్ నంబరుకి 8 బిట్లే ఇచ్చారు, 255 దాటగానే అది సున్నాకి వస్తుంది, స్క్రీన్ కింద లెవెల్‌ని బట్టి పండ్ల బొమ్మలు గీసే కోడ్‌కి పిచ్చెక్కి స్క్రీన్ కుడి సగమంతా అక్షరాలు, చెత్త. అక్కడ చుక్కలన్నీ తినడం కుదరదు, ఆట అక్కడితో సరి. 255 లెవెళ్ల దాకా ఒక్క లైఫ్ కూడా పోకుండా తినగలిగిందంతా తిని, మిగిలిన లైఫులన్నీ ఆ చివరి లెవెల్‌లో వాడుకుంటే 3,333,360. అంతకంటే ఒక్క పాయింట్ ఎక్కువ ఎవ్వరికీ రాదు.

రెండో_ప్లేయర్
నీ పేరు ఎఎఎ ఎందుకో ఇప్పుడే వెలిగింది. కొన్ని గేముల్లో హైస్కోర్ దగ్గర పేరు కోసం మెషీన్ ముందే చూపించే AAA అక్షరాలు మార్చే ఓపిక లేక అలాగే వదిలేసే బాపతు

ఎఎఎ
ఓపిక కాదన్నా, టెన్షన్. టైమ్ అయిపోతుందని కంగారులో బటన్ నొక్కేశాను. జీవితంలో ఒక్కసారే మొదటి స్థానం, అది కూడా ఊరూ పేరూ లేకుండా.

సోల్డరింగ్_శాస్త్రి
పాతబిళ్ల గారూ, అందరూ తత్వంలోకి వెళ్లిపోయారు, మీరు రాసిన ఒక ముక్క ఎవరూ పట్టించుకోలేదు. "తిరగమన్న మూల దగ్గర తిరగడు" అన్నారు. మీ క్యాబినెట్‌లో జాయ్‌స్టిక్ ఎన్ని దిక్కులది?

పాతబిళ్ల
చుట్టూ అన్ని వైపులకీ తిరుగుతుందండీ. కొత్తదే, అమ్మినాయన మంచి స్టిక్ వేశానని చెప్పాడు.

సోల్డరింగ్_శాస్త్రి
మంచిదే, కానీ ప్యాక్‌మ్యాన్‌కి కాదు. ఒరిజినల్ మెషీన్‌లో స్టిక్ నాలుగు దిక్కులకే కదిలేది, ఏటవాలుకి పోయే దారే ఉండదు. మీది ఎనిమిది దిక్కులది. కుడికి పోతూ పైకి తిప్పబోతే మధ్యలో ఒక క్షణం కుడి, పైన రెండు స్విచ్చులూ కలిసి నొక్కుకుంటాయి. ఆ గేమ్‌కి ఏటవాలు అంటే ఏంటో తెలీదు, రెంట్లో ఏదో ఒకటి తీసుకుంటుంది, అది మీరు కోరింది కాకపోవచ్చు. ఇందులో ఇంకో మెలిక ఉంది. మూల ఇంకా రాకముందే స్టిక్ తిప్పి పెడితే ప్యాక్‌మ్యాన్ మూలని కోసుకుంటూ వెళ్తాడు, దయ్యాలకి ఆ సౌకర్యం లేదు. ప్రతి మూలకీ అలా కాస్త కాస్త దూరం సంపాదించుకునే కదా బతికేది. చుక్క తిన్నప్పుడల్లా ఒక ఫ్రేమ్ ఆగిపోతాడు కాబట్టి తింటూ పోతే బ్లింకీ దగ్గరకొచ్చేస్తుంది. మూలల్లో సంపాదించింది చుక్కల్లో ఖర్చు. మీకు ఆ సంపాదనే లేకుండా పోయింది.

చాలా స్టిక్కులకి అడుగున ప్లాస్టిక్ పలక ఒకటి ఉంటుంది, నడుమ కన్నంతో. స్క్రూలు తీసి దాన్ని తిప్పి బిగిస్తే నాలుగు దిక్కులకి మారుతుంది. ముందు ప్లగ్ పీకండి. ప్లగ్ పీకినా సరే ఆ గాజు ట్యూబు వెనక వైపు, దానికి అతుక్కున్న రబ్బరు మూత దగ్గర చెయ్యి పెట్టొద్దు, కరెంటు ఆపాక కూడా అందులో వేల వోల్టులు నిలవుంటాయి. స్టిక్ పని మీకు కంట్రోల్ పలక వైపే ఉంటుంది, అక్కడే చూసుకోండి.

పాతబిళ్ల
ఒక ప్లాస్టిక్ పలక వల్లా?? వారాంతంలో విప్పుతాను. నా బాల్యాన్ని అనవసరంగా అనుమానించానేమో.

కాయిన్‌లెస్
పలక మారిస్తే మూలలు బాగుపడతాయి, సరే. కానీ అసలు సంగతి దాటేస్తున్నారు అందరూ. ఆ గేములు తయారు చేసింది మీరు ఆడాలని కాదు, త్వరగా చచ్చి ఇంకో నాణెం వేయాలని. మెషీన్ పెట్టినవాడికి నిమిషాలే డబ్బు. మా దగ్గర ఉన్న మెషీన్‌లో రెండే లైఫులు. మూడు ఉంటాయని నాకు పెద్దయ్యాక తెలిసింది! లోపల చిన్న చిన్న స్విచ్చుల వరస ఉంటుంది, ప్యాక్‌మ్యాన్‌లో దాంతో 1, 2, 3, 5 ఎన్ని లైఫులైనా పెట్టుకోవచ్చు, బోనస్ లైఫ్ 10,000కి ఇవ్వాలా 20,000కా, అసలు ఇవ్వొద్దా అన్నది కూడా. మా మెషీన్ ఓనరు మహానుభావుడు రెండు లైఫులు, బోనస్ సున్నా. ఏడేళ్ల పిల్లాణ్ణి నిలువునా దోచుకున్నాడు.

రెండో_ప్లేయర్
ఏడేళ్లప్పటి గాయం ఇప్పుడు బయటపడింది. అందుకా నీ పేరు కాయిన్‌లెస్

కాయిన్‌లెస్
నవ్వండి. గాంట్లెట్ గుర్తుందా, 1985? నలుగురు కలిసి ఆడేది. అందులో ఏమీ చేయకుండా నిలబడ్డా ప్రాణం సెకన్ సెకనుకీ తగ్గుతూనే ఉంటుంది. పెరగాలంటే తిండి దొరకాలి, లేదా నాణెం వేయాలి. మీటరు వేసిన ఆటో అది. 1983 డ్రాగన్స్ లెయిర్ ఇంకా ఘోరం. లేజర్ డిస్క్ మీద కార్టూన్ సినిమాలు తీసే డాన్ బ్లూత్ బొమ్మలు, చూడ్డానికి సినిమా, ఆడ్డానికి ఏముంది? సరైన క్షణంలో సరైన దిక్కు నొక్కకపోతే చావు. ఎటు నొక్కాలో చచ్చి తెలుసుకోవాలి, అంటే డబ్బిచ్చి తెలుసుకోవాలి.

ఎఎఎ
ఆ రెండిటి విషయంలో నువ్వే రైటు. అన్నిటికీ అదే అంటే ఒప్పుకోను. జనం కూడా తిరిగి దోచుకున్నారు. యాస్టరాయిడ్స్ చూడు, 1979, అంతరిక్షంలో రాళ్లు పగలగొట్టే ఆట. ఒక్క చిన్న రాయిని పగలగొట్టకుండా వదిలేసి, స్క్రీన్ అంచున తచ్చాడుతూ శత్రువుల చిన్న ఎగిరే సాసర్ వచ్చినప్పుడల్లా కొడితే ఒక్కోటి 1000 పాయింట్లు. ఇలా ఒక్క నాణెంతో గంటలు గంటలు ఆడేవాళ్లు. ఓనర్లు లబోదిబోమంటే తర్వాత వచ్చిన యాస్టరాయిడ్స్ డీలక్స్‌లో ఆ పప్పులు ఉడక్కుండా చేశారు. ఆడేవాడికీ చేసేవాడికీ మధ్య ఇంకో ఆట నడిచేది, నాకు అదే ఇష్టం.

మొదటిలెవెల్‌రాజా
నేను ఓనర్లని ఎప్పుడూ బాధపెట్టలేదు, సగటున 40 సెకన్లు

బటన్_బాదుడు
అందరూ ప్యాక్‌మ్యాన్ దగ్గరే ఆగిపోయారేంటి. నా లెక్కలో ఆర్కేడ్ అంటే 1991, స్ట్రీట్ ఫైటర్ 2, ఆరు బటన్లు, పక్కన ఇంకో మనిషి. మెషీన్ ఎంత తెలివైనదైతే నాకేంటి, నా పక్కన నిలబడ్డవాడు ఏం చేస్తాడన్నదే. గైల్ అనే ఫైటర్‌ని పట్టుకుని మూల కూర్చుని దూరం నుంచే సానిక్ బూమ్ దెబ్బలు విసిరే ఒకడుండేవాడు. వాణ్ణి కొట్టడానికి నేను ఎన్ని బిళ్లలు పోశానో మా ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

పైగా ఇందులో అందరూ మెచ్చుకునే కాంబోలు ఉన్నాయే, దెబ్బ మీద దెబ్బ ఆపకుండా తగిలేవి, అవి ప్లాన్ చేసినవి కావు. కారు పగలగొట్టే బోనస్ స్టేజ్ టెస్ట్ చేస్తుంటే ఒక దెబ్బ పూర్తయ్యేలోపే ఇంకోటి కలుస్తోందని గేమ్ చేసినవాళ్లలో ఒకడైన ఫునామిజు గమనించాడు. అంత సరిగ్గా ఎవడూ నొక్కలేడులే అని వదిలేశారు. ఇవ్వాళ ఫైటింగ్ గేములన్నీ ఆ వదిలేసిన దాని మీదే నిలబడ్డాయి.

సోల్డరింగ్_శాస్త్రి
వదిలేసినవి అంటే గుర్తొచ్చింది, అసలు రాజు స్పేస్ ఇన్వేడర్స్. టైటో కంపెనీది, 1978. ఐదు వరసలు, వరసకి పదకొండు, మొత్తం 55 ఏలియన్లు. ఆ ప్రాసెసర్‌కి అన్నిటినీ ఒకేసారి జరిపే ఓపిక లేదు, ఒక్కో ఫ్రేమ్‌కి ఒక్కటే జరుగుతుంది. ఫ్రేములు సెకనుకి దాదాపు 60. అంటే దండు మొత్తం ఒక్క అడుగు వేయడానికి దాదాపు సెకను. మీరు కాల్చేకొద్దీ జరపాల్సినవి తగ్గుతాయి, అడుగులు దగ్గరపడతాయి. చివరికి ఒక్కటి మిగిలితే అది ప్రతి ఫ్రేమ్‌కీ కదులుతుంది, అదే ఆ ఉరుకులు. దాన్ని తయారుచేసిన నిషికాడో దీన్ని చూసి బాగుందని అలాగే ఉంచేశాడు. గెలుస్తున్నకొద్దీ కష్టమవ్వాలని ఎవరూ డిజైన్ చేయలేదు, మెషీన్ బరువు దిగి తేలికపడింది. దానికి తోడు ఆ నాలుగు స్వరాల డుం డుం డుం డుం కూడా వేగం పెంచుకుంటుంది.

ఎమ్యులేటర్‌లో, అంటే పాత మెషీన్‌ని కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్‌లో, ఇదంతా ఉన్నదున్నట్టు వస్తుంది, MAME అనే ఎమ్యులేటర్ వచ్చిన 1997 నుంచీ నేను వాడుతున్నాను. రానిది స్క్రీన్. ఇప్పటి టీవీల్లో బటన్ నొక్కిన దానికీ బొమ్మ కదిలిన దానికీ మధ్య కొన్ని ఫ్రేములు ఆలస్యం. కళ్లకి కనపడదు, వేళ్లకి తెలుస్తుంది.

నీలిదయ్యం
"కళ్లకి కనపడదు, వేళ్లకి తెలుస్తుంది" సరిగ్గా ఇదే నేను అక్క గురించి చెప్పాలనుకున్నది.

రెండో_ప్లేయర్
స్పేస్ ఇన్వేడర్స్ దెబ్బకి జపాన్‌లో 100 యెన్ నాణేలకే కరువొచ్చిందట కదా, ప్రభుత్వం అదనంగా ముద్రించాల్సి వచ్చిందని

ఎఎఎ
అందరం నమ్మాం అన్నా, నేను కూడా పదిమందికి చెప్పాను. కానీ 1978, 79ల్లో ఆ నాణేలు 1977లో కంటే తక్కువే ముద్రించారు. పైగా మెషీన్‌లో పడ్డ నాణెం ఎక్కడికి పోతుంది? ఓనరు డబ్బా విప్పి బ్యాంకులో వేస్తాడు, మళ్లీ బయటకొస్తుంది.

నాణేల కథల్లో నిజమైనది కావాలంటే పాంగ్ అనే గేమ్‌ది. 1972లో మొదటి మెషీన్‌ని అమెరికాలో సన్నీవేల్ అనే ఊళ్లో ఒక బారులో పెట్టారు. కొన్నాళ్లకి పాడైందని కబురొస్తే దాన్ని తయారుచేసిన ఆల్‌కార్న్ వెళ్లి విప్పి చూశాడు. ఏమీ పాడవలేదు, నాణేలు నిండిపోయి ఇంకోటి పట్టే చోటు లేక ఆగిపోయింది.

మొదటిలెవెల్‌రాజా
పాలీబియస్ అనే గేమ్ గురించి ఎవరూ ఎత్తలేదేం? 1981, పోర్ట్‌లాండ్, ఆడినవాళ్లకి పిచ్చెక్కేదట, నల్లకోట్లవాళ్లు వచ్చి డేటా పట్టుకెళ్లేవాళ్లట

సోల్డరింగ్_శాస్త్రి
ఎత్తకండి. ఒక్క బోర్డు లేదు, ఒక్క క్యాబినెట్ లేదు, ఆ కాలపు పత్రికలో ఒక్క ముక్క లేదు. నిజంగా నిద్ర చెడగొట్టిన గేమ్ కావాలంటే మిసైల్ కమాండ్, 1980. అణు క్షిపణుల నుంచి ఊళ్లను కాపాడుకోవాలి, ఎంత ఆడినా చివరికి అన్నీ పోతాయి. ఓడిపోతే మామూలు "గేమ్ ఓవర్" కాదు, "ది ఎండ్" అని వస్తుంది. దాన్ని రాసిన డేవ్ థ్యూరర్‌కే ఆ పేలుళ్లు పీడకలలుగా వచ్చేవి.

కాయిన్‌లెస్
ఇది మాత్రం నాకు తెలీదు. గెలవడం అనేదే లేని గేమ్‌కి పిల్లలు నాణేలు వేశారంటే... సరే, ఈ ఒక్కదానికి నేను ఒక మెట్టు దిగుతా. ఒక్క మెట్టే.

రెండో_ప్లేయర్
నా పేరులోనే ఉంది నా గొడవ, చెప్పేస్తా. నేను ఎప్పుడూ ఆడింది తక్కువ, చూసింది ఎక్కువ. అన్నయ్య ఆడుతుంటే భుజం పక్కనుంచి చూడటం, "పైకి పైకి పైకి" అని అరవడం, వాడు విసుక్కోవడం. తర్వాతి వంతు నాదని స్క్రీన్ కింద అంచు మీద నాణెం పెట్టి దాని మీదే ఒక కన్నేసి ఉంచడం. డాంకీ కాంగ్‌లో పీపా దొర్లుకుంటూ నిచ్చెన దగ్గరకి రాగానే దిగుతుందా తిన్నగా పోతుందా అని వెనకున్న ఐదుగురం ఊపిరి బిగబట్టేవాళ్లం. పాతబిళ్లా, మీ వాడి వెనక ఎవరున్నారు చెప్పండి? వాడొక్కడే, ఒక గదిలో, వెనకాల పరీక్ష పెట్టినట్టు నాన్న.

బటన్_బాదుడు
"పరీక్ష పెట్టినట్టు నాన్న" అంతే, కేసు క్లోజ్

పాతబిళ్ల
నిజమే తగిలింది అది. రిజల్ట్ చెప్తా ఆగండి.

పాతబిళ్ల
శనివారం విప్పాను. శాస్త్రి గారు చెప్పినట్టే అడుగున నల్ల పలక, నాలుగు స్క్రూలు. ఒక స్క్రూ లోపల పడిపోయి దాని కోసం అరగంట. పలక తిప్పి బిగించాక స్టిక్ పట్టుకోగానే తేడా తెలిసింది, టక్ టక్‌మని నాలుగే చోట్లు, మధ్యలో ఏమీ లేదు. మొదటి ఆటలోనే ఐదో లెవెల్. అరిచాను. ఆ అరుపుకి వాడు బయటకొచ్చాడు.

ఈసారి నేను ఏమీ చెప్పలేదు, నీలిదయ్యం గారి దయ్యాల లెక్క ఒక్కటి చెప్పాను. క్లైడ్ పిరికివాడు అనగానే వాడికి ఎక్కడో తగిలింది. క్లైడ్‌ని తరమడమే పనిగా పెట్టుకున్నాడు, చుక్కలు తినడు, వాడి వెనకాలే పడి మూలకి పంపి నవ్వుతాడు. ఒక గంట తర్వాత వాళ్లమ్మ కూడా వచ్చి వెనక నిలబడి "ఎడమకి, ఎడమకి" మొదలుపెట్టింది. రెండో_ప్లేయర్‌కి థ్యాంక్స్.

ఇప్పుడు కొత్త తగువు. పైన హైస్కోర్ 21,340 అని ఉంది. ప్యాక్‌మ్యాన్‌లో పేర్లు ఉండవు, అంకె ఒక్కటే. నాది అంటాను నేను, నాది అంటాడు వాడు.

ఎఎఎ
పేరు లేని మొదటి స్థానం బాధ నాకు తెలుసు పాతబిళ్లా. కుర్రాడికే ఇచ్చెయ్.

సోల్డరింగ్_శాస్త్రి
ఎవరిదైనా రాత్రి ఆపితే పోతుంది. ఒరిజినల్‌లో స్కోర్ దాచుకునే ఏర్పాటే లేదు, కరెంటు తీస్తే సున్నా. మీ బోర్డు కూడా దాచకపోవచ్చు, చూసుకోండి.

పాతబిళ్ల
దాచదు, మొన్నే తేలింది. అందుకే మా వాడు స్విచ్ మీద కాగితం అతికించాడు. "ఆపొద్దు, నాన్నకి కూడా చెప్తున్నా" అని.

సోల్డరింగ్_శాస్త్రి
బాబూ ఆ ట్యూబు స్క్రీన్ మీద అదే మేజ్ రోజులకొద్దీ ఉంచితే గాజు మీద అచ్చు పడిపోతుంది, తర్వాత ఏ గేమ్ పెట్టినా వెనకాల ప్యాక్‌మ్యాన్ గోడలు కనిపిస్తాయి. కనీసం స్క్రీన్ వెలుతురైనా తగ్గించండి.

మొదటిలెవెల్‌రాజా
ఫోటో తీసుకుని ఆపెయ్యొచ్చు కదా

పాతబిళ్ల
అదే చెప్పాను. "ఫోటో ఎవరైనా ఎడిట్ చేస్తారు నాన్నా" అన్నాడు. వెలుతురు తగ్గించాను.

కాయిన్‌లెస్
లైఫులు ఎన్ని పెట్టావ్ వాడికి?

పాతబిళ్ల
ఐదు

కాయిన్‌లెస్
అదృష్టవంతుడు